ప్రాంగణమే ప్రథమము: భవానీపూర్ విద్యాసంస్థలు నేర్పు పాఠము

తెలుగున విద్యాసంస్థలకు వాడుకలోనున్న పేర్లు చాలవరకు కప్పునుబట్టి వచ్చినవి. పాఠశాల, కళాశాల, విద్యాలయము అను మాటలలోని శాలయు, ఆలయమును మనకు గోడలను, పైకప్పును స్ఫురింపజేయును. సంస్థ నెలకొనియున్న స్థలమునంతటిని చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము మనము ప్రాంగణమందుము. విద్యార్థులు క్యాంపస్ అందురు. ప్రాంగణమనగా ముంగిలి, కప్పులేని తావు. క్యాంపస్ అను లాటిను పదమునకు మొదటి యర్థము మైదానము. అమెరికాలోని ప్రిన్‌స్టన్ కళాశాలవారు పదునెనిమిదవ శతాబ్దమున తమ ఆవరణకు ఆ మాట వాడిరి. కాలక్రమమున అది లోకమంతట విద్యాసంస్థలకు రూఢియైనది. పరస్పరసంబంధము లేని ఈ రెండు మాటలును ఖాళీ తావునుబట్టియే విద్యాస్థానమును పేర్కొనుట గమనింపదగినది.

ఈ సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. ఇప్పుడు ప్రభుత్వములును, ధర్మసంస్థలును, విశ్వవిద్యాలయములును పాఠశాలలకు, శిక్షణాలయములకు మాస్టరుప్లానులను తయారుచేయించుచున్నవి. దీనిని తెలుగున మూలప్రణాళిక యనవచ్చును. ఎన్ని భవనములు, ఎన్ని అంతస్తులు, ఎన్ని గదులు అను లెక్కయే ఆ పత్రములలో ప్రధానముగా కనబడును. భవనములు పోగా మిగిలిన తావు చిత్రములో పచ్చరంగు పూతగా మిగులును. ఈ క్రమము తలక్రిందులైనదని నా అభిప్రాయము. విద్యార్థి దినచర్యను ముందు వ్రాసికొని, దానికి కావలసిన తెరపిని, దారులను, నీడను నిర్ణయించి, ఆ పిమ్మట భవనములకు చోటు చూపినప్పుడే అది మూలప్రణాళిక యనిపించుకొనును. ఈ అభిప్రాయమును భవానీపూర్‌లోని విద్యాసంస్థల చరిత్ర ఆధారముగా సమర్థింప ప్రయత్నింతును.

భాషాసాహిత్య పరిశోధనకు ఏర్పడిన పత్రికలో కట్టడముల ప్రసంగమేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. గోడ ఎంత బరువు మోయునో ఇంజనీరు లెక్కకట్టగలడు. వెనుకబల్లపై కూర్చున్న విద్యార్థికి అధ్యాపకుని మాట వినబడుచున్నదా, రేకుకప్పుపై వాన కురియుచుండగా పద్యము చదువుట సాధ్యమా, తరగతి ముగిసిన పిదప సందేహమడుగదలచిన బాలిక ఎచ్చట నిలువవలెను అను విషయములు దినదినము పాఠము చెప్పువారికే తెలియును. వారిని అడుగకయే ప్రణాళికలు సిద్ధమగుట మనదేశమున సామాన్యమైపోయినది. కనుక అడుగకున్నను చెప్పుట మన విధి.

దక్షిణ కలకత్తాలోని భవానీపూర్ ఈ విచారణకు మంచి యుదాహరణము. 2001 నుండి నగరమునకు అధికారనామము కోల్‌కతా యైనను, అలవాటునుబట్టి పాతపేరునే వాడుచున్నాను. భవానీపూర్ ప్రణాళికవేసి కట్టిన విద్యానగరము కాదు. వకీళ్లు, వైద్యులు, వర్తకులు, ఉద్యోగులు చిరకాలముగా నివసించుచున్న పాతపేట. హిందూ పేట్రియట్ పత్రికా సంపాదకుడైన హరీశ్చంద్ర ముఖర్జీ పేర ఒక రాజవీధి, సర్ ఆశుతోష్ ముఖర్జీ పేర మరియొక రాజవీధి అచ్చట కలవు. సుభాస్ చంద్రబోసు గృహము ఎల్గిన్ రోడ్డుపై నున్నది. ఇట్టి ఇండ్లనడుమనే బడులు, కళాశాలలు, పెద్ద ఆసుపత్రి పెరిగినవి. 1920లో సరళా రాయ్ స్థాపించిన గోఖలే స్మారక బాలికాపాఠశాల హరీశ్ ముఖర్జీ రోడ్డుపై నేటికిని నడచుచున్నది. ఈ సంస్థలలో దేనికిని వందల ఎకరముల క్షేత్రము లేదు; ఊరే వీటికి ఆవరణము.

వీటిలో మన విషయమునకు మిక్కిలి పనికివచ్చునది ఆశుతోష్ కళాశాల చరిత్ర. 1916లో సర్ ఆశుతోష్ ముఖర్జీ పూనికతో సౌత్ సబర్బన్ కళాశాల యను పేర ఇది ఏర్పడెను. 1924లో ఆయన మరణించిన పిదప ఆయన పేరే దానికి పెట్టబడెను. 1932లో స్త్రీలకొరకు ఉదయపు శాఖ తెరువబడెను; అదియే కాలక్రమమున ఆశుతోష్ భార్య పేర జోగమాయాదేవి కళాశాల యైనది. 1945లో సాయంకాలపు శాఖ ఆరంభమై, తరువాత వారి కుమారుని పేర శ్యామాప్రసాద్ కళాశాల యైనది. ఒకే చోట ఉదయము స్త్రీలు, పగలు ఒక కళాశాలవారు, సాయంకాలము మరియొక కళాశాలవారు చదువుకొను ఏర్పాటు ఇట్లు నెలకొనెను. తండ్రి, తల్లి, కుమారుల పేర మూడు సంస్థలు ఒకే యింట వంతులవారీగా కాపురముండినట్లున్నది.

స్థలము చాలనప్పుడు వారు కాలమును పంచుకొనిరి. ఇది పేదరికమున పుట్టిన ఉపాయమని తీసివేయుట తగదు. ఉదయపు తరగతులు ఇంటికి సమీపముననే జరిగి, పగటికి ముందే ముగియుటవలన, ఆడపిల్లను కళాశాలకు పంపుటకు సంకోచించు కుటుంబములు సయితము సాహసింపగలిగెను. సాయంకాలపు తరగతులవలన పగలు కచేరీలోనో, అంగడిలోనో పనిచేయు యువకుడు పట్టము పొందగలిగెను. ఒకే గది, ఒకే నల్లబల్ల, ఒకే మెట్లవరుస మూడు తెగల విద్యార్థులకు ఉపయోగపడెను. ఏ శిల్పియు గీయని ఈ కాలపట్టికయే ఆ సంస్థలకు నిజమైన మూలప్రణాళిక. ఎకరములను మాత్రమే లెక్కించువారికి ఇది కనబడదు. ఒక గది దినమునకు ఎన్ని గంటలు చదువుకు ఉపయోగపడుచున్నది అను ప్రశ్న వేసినవారికే కనబడును.

అయితే వంతులవారీ వాడుకకు దాని బాధలు దానికి కలవు. వాటిని దాచిపెట్టి ప్రశంసించుట మేలు కాదు. ఒక వంతు విద్యార్థులు వెళ్లుచుండగా మరియొక వంతువారు వచ్చుచుందురు. ఆ కొద్దినిమిషములలో మెట్లపైన, గుమ్మములయొద్దను రాకపోకల ఒత్తిడి యంతయు చేరును. తరగతి ముగియగానే గది ఖాళీచేయవలెను గనుక, గురుశిష్యుల సంభాషణమునకు ఎడము దొరకదు. సాయంకాలము వచ్చువానికి గ్రంథాలయము, ప్రయోగశాల, కార్యాలయము తెరచియున్నవో లేవో ఎవరో నిర్ణయింపవలెను. భవనమునకు విశ్రాంతి లేనందున సున్నము వేయుటకు, మరమ్మతుచేయుటకు తీరిక చిక్కదు. ఇవన్నియు ఏ వంతులవారీ సంస్థకైనను సహజముగా కలుగునవి. ఇట్టివానిని తీర్చుట గదుల సంఖ్యను పెంచుటచేత మాత్రమే కాదు. రెండు వంతులవారికి వేరువేరు మెట్లు చూపుట, వంతునకు వంతునకు నడుమ ఎడము పెట్టుట, నిలిచి మాటలాడుకొనుటకు నడవ వెడల్పుచేయుట మొదలగు ఆలోచనలచేత తీరును. మూలప్రణాళికకు పని ఇచ్చటనే కలదు.

భవానీపూర్‌లో ఈ కళాశాల పుట్టిన 1916వ సంవత్సరముననే, ఫిబ్రవరి 4వ తేదీన, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన జరిగెను. మదనమోహన మాలవీయునికి కాశీరాజు ఇచ్చిన భూమితో సుమారు 1,300 ఎకరముల క్షేత్రము ఏర్పడినది. అర్ధచంద్రాకారమున వంపుతిరిగిన వీథులును, వాటిని కోయుచు కేంద్రమునుండి బయలుదేరు వీథులును, చెట్లవరుసలును, విద్యార్థివసతులును కలిగి, ముందుగా గీచుకొన్న చిత్రముననుసరించి అది పెరిగినది. ఒకే యేట పుట్టిన రెండు సంస్థలలో ఒకటి విశాలక్షేత్రమును, రెండవది ఒక వీథిలోని కట్టడమును ఆశ్రయించి, రెండును నూరేండ్లు దాటి జీవించుచున్నవి. దీనివలన తేలునదేమనగా, విస్తీర్ణము విద్యకు సహకారి కావచ్చును గాని హేతువు కాదు. తనకున్న తావును ఎరిగి వాడుకొన్న సంస్థయే నిలుచును.

తెలుగునేలపై విశాలక్షేత్రమనగానే మొదట స్ఫురించునది ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1918లో స్థాపితమైన పిదప కొన్ని యేండ్లు అది నగరములోని అద్దెయిండ్లలోనే నడచినది. అడిక్‌మెట్‌లో క్షేత్రము నిర్ణయమైన తరువాత జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇద్దరు వాస్తుశిల్పులను నిజాము ప్రభుత్వము దేశవిదేశములలోని విశ్వవిద్యాలయములను చూచివచ్చుటకు పంపినది. బెల్జియము దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ ఆర్ట్సు కళాశాలను రూపొందించెను. 1939లో అది ప్రారంభింపబడెను. కట్టుటకు ముందు చూచివచ్చుట, చూచినదానిని ఈ నేల శిల్పసంప్రదాయముతో కలుపుట, రాతిని సమీపముననుండియే తెచ్చుట, ఈ మూడును ఆ కట్టడమునకు గౌరవము తెచ్చినవి. నేడు టెండరు పిలిచి కొద్దివారములలో మూలప్రణాళికను ముగింపగోరువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

విస్తీర్ణమున్నను, వ్రాతలేనిచో కలుగు చిక్కునకు మరియొక తార్కాణము కలదు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము సరోజినీ నాయుడు కుటుంబమునకు చెందిన గోల్డెన్ త్రెషోల్డ్ గృహమున తొలుత నడచి, తరువాత గచ్చిబౌలిలోని 2,300 ఎకరముల పైచిలుకు భూమికి తరలినది. ఆ ప్రాంతమున 400 ఎకరములు ఎవరివను వివాదము పెరిగి పెరిగి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్లనరకును నిలుపుచేయువరకు వచ్చినది. భూమి హక్కు ఎవరిదో న్యాయస్థానములే తేల్చవలెను. ఆ విషయమున నాకు తీర్పుచెప్పు అధికారము లేదు. మనము నేర్చుకొనవలసినది వేరు. కట్టడములేని భూమి పనిలేని భూమియని లోకము తలచును. చెట్టు, గుట్ట, చెరువు, పొద అనునవి విద్యాక్షేత్రమున ఏ పనిచేయుచున్నవో ఆదినుండి పత్రములలో, పటములలో వ్రాసియుంచనిచో, వాటిని కాపాడుటకు తరువాత వీథికెక్కవలసివచ్చును. భవానీపూర్‌లో తావులేమి బాధించినట్లే, గచ్చిబౌలిలో తావుండుటయే బాధించినది. రెండుచోట్లను కొరతపడినది ఒక్కటే: తెరపిచోటునకు వ్రాతమూలకమైన స్థానము.

ఇరుకైన పాతపేటలలోని విద్యాసంస్థలను ఊరివెలుపలికి తరలించిన సరిపోవునుగదా యని పలువురు వాదింతురు. వారి వాదమున బలము లేకపోలేదు. గాలి, వెలుతురు, ఆటస్థలము, విద్యార్థివసతి వెలుపలనే చౌకగా లభించును. 1917 నుండి 1919 వరకు పనిచేసిన శాడ్లరు సంఘము కలకత్తా విద్యార్థుల నివాసపు ఇక్కట్లను దీర్ఘముగా చర్చించినది. ఆశుతోష్ ముఖర్జీ అందొక సభ్యుడు. 1921లో నెలకొన్న ఢాకా విశ్వవిద్యాలయము విద్యార్థులు అచ్చటనే నివసించి చదువుకొను పద్ధతిపై ఏర్పడినది. కనుక విశాలక్షేత్రము కావలెననుట వెఱ్ఱికోరిక కాదు.

కాని తరలింపువలన ఎవరు నష్టపోవుదురో కూడ లెక్కింపవలెను. ఉదయము చదువుకొని ఇంటికి తిరిగివెళ్లవలసిన యువతి ఇరువదిమైళ్ల దూరమునకు పోజాలదు. కచేరీనుండి వచ్చువాడు సాయంకాలపు తరగతికి అందుకొనలేడు. భవానీపూర్‌కు వాహనసౌకర్యము తొలినుండియు గొప్ప బలము. మనదేశమున మొదటి మెట్రోరైలు 1984 అక్టోబరు 24న నడచినది ఎస్ప్లనేడ్ నుండి భవానీపూర్ వరకే; ఆ స్టేషనునకు ఇప్పుడు నేతాజీ భవన్ అని పేరు. తరువాత వచ్చిన జతిన్ దాస్ పార్క్ స్టేషను ఆశుతోష్ కళాశాలకు చేరువనున్నది. ఇట్టి తావును విడిచి వెలుపలికి పోవుట, సంస్థకు స్థలము చేకూర్చి, విద్యార్థులలో బలహీనులను బయటికి నెట్టుట యగును. పాతపేటలోని సంస్థను పాతపేటలోనే బాగుచేయుట కష్టతరమైనను న్యాయతరము.

మరికొందరు, స్థలము లేనిచో పైకి కట్టుదమందురు. మేడపై మేడ వేయుట సులభమే, దిగివచ్చుట కష్టము. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున జరిగిన దహనమును మరచుటకు వీలులేదు. ఒకే భవనమున మూడు పాఠశాలలు నడచుచుండెను. వంటకొట్టపు నిప్పు ఆకులకప్పునకు అంటుకొని 94 మంది పసివారు మరణించిరి. ఆ పిమ్మట 2009లో సుప్రీంకోర్టు, భద్రమైన పాఠశాలలో చదువుకొనుట విద్యాహక్కులోని భాగమేయని తీర్పుచెప్పినది. అదే సంవత్సరము వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి ఉపాధ్యాయునికి ఒక తరగతిగది, అడ్డంకులులేని ప్రవేశము, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీ ఉండవలెనని పట్టికవేసి చెప్పినది. చట్టము చెప్పినవన్నియు ఉండియు, వంటగది మెట్లప్రక్కన నుండిన ప్రమాదము ప్రమాదమే. ఏవి యుండవలెనో చట్టము చెప్పును. దేని ప్రక్కన దేని నుంచవలెనో మూలప్రణాళిక చెప్పవలెను.

శిక్షణాలయముల విషయమున ఈ లోపము మరింత స్పష్టమగును. భవానీపూర్‌లోని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి 1954లో సేఠ్ సుఖ్‌లాల్ కర్నానీ స్మారక ఆసుపత్రియైనది. 1957 నుండి అది వైద్యులకు ఉన్నతశిక్షణ నిచ్చు సంస్థకు స్థానమైనది. ఆ ఆవరణముననే 1898లో రోనాల్డ్ రాస్ పక్షులలో మలేరియా దోమలద్వారా వ్యాపించు క్రమమును నిరూపించెను. అంతకు పూర్వసంవత్సరము, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని ఆయన కనుగొనెను. మన సికిందరాబాదుననైనను, భవానీపూర్‌ననైనను ఆయనకు దొరికినది ఒక చిన్నగది, ఒక సూక్ష్మదర్శిని. లోకోపకారమైన పరిశోధనకు మహాభవనము అవసరము కాలేదు. అంతరాయములేని ఒక మూల, రోగులకు చేరువలో, చాలినది. మూలప్రణాళికలో అట్టి మూలలు ఎన్ని కలవని ఎవ్వరును అడుగరు.

రోగికి మంచము, ఆచార్యునికి ఉపన్యాసశాల చిత్రములో దొరకును; రేయింబవళ్లు పనిచేయు శిక్షణవైద్యునికి నడుము వాల్చు తావు దొరకుట అరుదు. 2024 ఆగస్టులో కలకత్తాలోనే ఒక ప్రభుత్వ వైద్యకళాశాలయందు, రాత్రి విధులనడుమ సెమినారు గదిలో విశ్రమించుటకు పోయిన శిక్షణవైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనది. దేశమంతయు కలతచెందినది, వైద్యుల రక్షణకై సుప్రీంకోర్టు జాతీయ కార్యదళమును నియమించినది. నేరము నేరస్థునిదే. అయినను, రాత్రియంతయు మెలకువగానుండు ఉద్యోగమును కల్పించి, తలుపునకు గడియయున్న విశ్రాంతిగదిని కల్పింపని ప్రణాళిక నిర్దోషియని చెప్పజాలము. విద్యార్థి దినచర్యయందు రాత్రియు చేరునని ఆ ప్రణాళికలు తలపవలసియుండెను.

నగరములను పరీక్షించు విధానమును మనదేశమున బోధించినవారిలో ప్యాట్రిక్ గెడ్డెస్ ముఖ్యుడు. ఆయన మొదట జీవశాస్త్రవేత్త. 1914లో భారతదేశమునకు వచ్చి, పెక్కు నగరములపై నివేదికలు వ్రాసెను. 1919లో కలకత్తాలోని బడాబజారునుగూర్చియు ఒక నివేదిక సమర్పించెను. చికిత్సకు ముందు రోగనిదానము జరుగవలెననియు, పాతపేటను కూలద్రోయక అవసరమైనంతమేరకే సవరింపవలెననియు ఆయన సిద్ధాంతము. వీథివీథిని నడచి, బావిని, చెట్టును, రచ్చబండను గుర్తించిన పిమ్మటనే ఆయన గీత గీచెడివాడు. విద్యాక్షేత్రమునకు ఇదియే మార్గము. ఖరగ్‌పూర్‌లో 1951లో తొలి ఐ.ఐ.టి. హిజ్లీ నిర్బంధశిబిరపు పాతభవనముననే ఆరంభమై, తరువాత స్విస్ శిల్పి వెర్నర్ మోజర్ రూపొందించిన క్షేత్రముగా విస్తరించినది, పాతభవనము కూలద్రోయబడలేదు. తెలుగువారు పెద్దసంఖ్యలోనున్న ఆ పట్టణమునకు మనవారు పోయినప్పుడు దానిని చూచిరావలెను.

దినచర్యతోపాటు ఋతుచర్యయు ప్రణాళికలో చేరవలెను. కలకత్తాలో ఏటికి సుమారు 1,600 మిల్లీమీటర్ల వాన కురియును. అనంతపురమున సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. మొదటిచోట ఎత్తైన అరుగును, తడవక నడచుటకు కప్పుదారియు ముఖ్యము. రెండవచోట నీడయు, వాననీటి నిలువయు ముఖ్యము. కలకత్తావాసులు దక్షిణపుగాలి తగులు గదిని కోరుకొందురు. మన కోస్తావారికి పైరగాలి యెట్టిదో అట్టిదే అది. వడగాలి వీచు తెలంగాణ, రాయలసీమలలో పడమటివైపు పెద్దకిటికీలు పెట్టుట పిల్లలను పొయ్యియెదుట కూర్చుండబెట్టుటయే. తరగతిగదుల పొడవుగోడలు ఉత్తరదక్షిణములకు అభిముఖముగా నుండిన ఎండతాకిడి తగ్గునని అందరెరిగినదే. ఎరిగియు, ఒకే నమూనాచిత్రమును శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు అచ్చుగ్రుద్దినట్లు కట్టుట విజ్ఞత కాదు. శాంతినికేతనమున రవీంద్రుడు చెట్టునీడను తరగతిగదిగా ఎంచుకొనినది అచ్చటి నేలను, ఋతువులను ఎరిగియే. 2023లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది.

మన తెలుగువారి పాతబడులు అరుగుపై నడచినవి. అరుగు ఇల్లు కాదు, వీథియు కాదు, రెంటికి నడిమితావు. దారినబోవు పెద్ద పిల్లవాని పద్యమును విని తప్పుదిద్దుటకు అచ్చట వీలుండెను. భవానీపూర్ పాతయిండ్లకు వీథివైపున ఇట్టి అరుగే కలదు. బంగాళీలు దానిని రోక్ అందురు, సాయంకాలపు గోష్ఠులకు అదియే పీఠము. తెలుగుదేశమున ఇంకను ప్రాచీనమైన నాగార్జునకొండ విహారములలో నడుమ మండపము, చుట్టును భిక్షువుల గదులు నుండెను. చదువు, చర్చ, నివాసము ఒకే ముంగిలిని పంచుకొనెను. అరుగు, మండపము, ముంగిలి అను మూడింటిని గదుల లెక్కలో చేర్చుటకు వీలులేదు గనుక, నేటి అంచనాలలో అవి మాయమగుచున్నవి. విద్యార్థులు ఒకరినుండి ఒకరు నేర్చుకొనునది మాత్రము అట్టి తావులలోనే.

ఇప్పుడు ఈ మాటలు చెప్పుటకు సమయము మించలేదు. ఆంధ్రప్రదేశమున 2019లో ఆరంభమైన మనబడి నాడు-నేడు కార్యక్రమమును, తెలంగాణమున 2022లో వచ్చిన మన ఊరు-మన బడి కార్యక్రమమును పాతబడులకు మరుగుదొడ్లు, నీరు, మరమ్మతులు, బల్లలు సమకూర్చుటకు ఏర్పడినవి. ఆ పని అవసరమైనదే; కాని అది వస్తువుల పట్టిక, తావు ప్రణాళిక కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము 20 నుండి 25 ఎకరముల క్షేత్రములలో యంగ్ ఇండియా పేర సమీకృత ఆశ్రమపాఠశాలలకు శంకుస్థాపనలు జరిపినది. ఆ పిల్లలు ఏండ్లతరబడి అచ్చటనే తిని, అచ్చటనే నిద్రించి, అచ్చటనే పెరుగవలసియుందురు. వారి బాల్యమునకు ఆ చిత్రమే ఊరు. అట్టి చిత్రములను భవనముల లెక్కతో ముగించుట వారికి ఊరులేకుండ చేయుటయే.

కావున విద్యాక్షేత్రములకు మూలప్రణాళిక తయారుచేయువారు ఈ క్రింది నియమములను పాటింపవలెనని మనవి. మొదటిది: గీతకు ముందు పరీక్ష. సూర్యోదయమునుండి రాత్రివరకు విద్యార్థులు, అధ్యాపకులు, వంటవారు, పారిశుద్ధ్యపు పనివారు ఎచ్చట నడచుచున్నారో, ఎచ్చట నిలుచుచున్నారో ఒక యేడాది, అన్ని ఋతువులలోను, చూచి వ్రాయవలెను. రెండవది: ప్రతి గదికి కాలపట్టిక. ఖాళీగానున్న గంటలలో దానిని ఎవరు వాడుకొందురో తేల్చినగాని క్రొత్తగదికి అనుమతి ఈయరాదు. మూడవది: తెరపిచోటునకు పేరు, కొలత, ఉపయోగము పత్రములో వ్రాసి, దానిని కట్టడములకు వాడగూడదని పాలకమండలి తీర్మానింపవలెను. నాలుగవది: నగరమధ్యమున నున్న సంస్థలన్నియు కలిసి పేటకొక ప్రణాళిక వేసికొనవలెను, ఒకరి గ్రంథాలయము, మరియొకరి సభాశాల, పురపాలకసంఘపు ఉద్యానము వంతులవారీగా అందరికి ఉపకరింపవచ్చును.

ఐదవది: చక్రాలకుర్చీలో వచ్చు విద్యార్థి, పసిబిడ్డగల పరిశోధకురాలు, రాత్రివిధుల శిక్షణార్థి అను ముగ్గురిని ముందుంచుకొని ప్రతి దారిని పరీక్షింపవలెను, వారికి సుగమమైన దారి అందరికిని సుగమమే. ఆరవది: సిద్ధమైన పటమును ఆ ప్రాంతపు భాషలో, సామాన్యులకు తెలియు మాటలలో, సంస్థ గుమ్మముకడ తగిలింపవలెను. ఎఫ్.ఎస్.ఐ., సెట్‌బ్యాకు వంటి మాటల చాటున ప్రణాళిక దాగియుండగా, ఆక్షేపించు హక్కు ఎవరికున్నను లేనట్లే. పటమును జనులకు చదివి వినిపించుట భాషాశాఖలకును తగిన పనియే. ఇంజనీరులు వాడు మాటలకు జీవముగల తెలుగుమాటలను సమకూర్చు బాధ్యతయు మనదే.

ఇందుకు వ్యయమగునని, ఆలస్యమగునని ఆక్షేపణ రాగలదు. ఒక యేటి పరీక్షకగు వ్యయము ఒక భవనపు వ్యయములో అల్పాంశము. తప్పుచోట కట్టిన భవనము మాత్రము యాబదియేండ్లు అచ్చటనే నిలిచి, మూడు తరముల విద్యార్థులను చుట్టుదారి పట్టించును. పాఠ్యగ్రంథమున తప్పు దొరలినచో మరుసటి ముద్రణమున దిద్దుకొందుము. కట్టడమునకు మరుముద్రణము లేదు.

భవానీపూర్ మనకు ఆదర్శక్షేత్రము కాదు. అచ్చటి ఇరుకును కోరి తెచ్చుకొనువారుండరు. అయినను, ఉన్న నాలుగు గోడలను ఉదయము, పగలు, సాయంకాలము అని పంచి, స్త్రీలకు, ఉద్యోగులకు చదువు దక్కించిన బుద్ధి అచ్చట కలదు. విశాలక్షేత్రములు లభించిన మనకు ఆ బుద్ధియే కావలసియున్నది. ఎకరములు ప్రభుత్వము ఈయగలదు. వాటిని ఎవరి దినచర్యకు అర్పించవలెనో నిర్ణయించు వివేకము మాత్రము పాఠము చెప్పువారును, చదువుకొనువారును కలిసి సమకూర్చుకొనవలసినదే.